ఆ నగరంలో ముసలివాళ్ళు లేరు

బెంగళూరు మడివాళలో ఆడపిల్లల పీజీ హాస్టల్లో వంట చేస్తూ, యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది పై అంతస్తులో ఉండే గుంటూరు పిల్ల. ఆమెకు రాత్రి డ్యూటీ. పగలు నిద్ర పట్టక కిందికి దిగివచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. నేను వెల్లుల్లి ఒలుస్తూ ఆమె చెప్పిన అక్షరం పలికేదాన్ని. ఇన్నేళ్ళూ కన్నడ బోర్డుల మధ్య తిరిగినా, ఇంట్లో మాట్లాడింది తెలుగే కాబట్టి ముందు అదే నేర్పమన్నాను.

చిన్న చిన్న కథలు అయ్యాక ఆమె ఒక లావుపాటి నవల ఇచ్చింది. రాబోయే కాలంలో ఒక నగరం. మన కాలం మనిషి ఒకడు ఎలాగో అక్కడికి చేరతాడు. ఆ ఊరి పెద్దమనిషి అతణ్ణి వెంటబెట్టుకుని అంతా చూపిస్తాడు. అక్కడ ఎవరికీ సొంత ఆస్తి లేదు, కొట్లాట లేదు, గంట కొడితే అందరూ ఒకే హాలులో కూర్చుని తింటారు. ఆ పిల్లకు ఇలాంటి ఆదర్శలోకాల నవలలంటే ప్రాణం. అలమరాలో బట్టలకంటే అవే ఎక్కువ.

నేను గీత మీద వేలు పెట్టి మెల్లగా చదివేదాన్ని. కుళాయిలో రోజంతా నీళ్ళు వస్తాయన్న చోట ఆగి మళ్ళీ చదువుకున్నాను. ఆడవాళ్ళు ఏ వేళైనా ఒంటరిగా తోటల్లో తిరుగుతారన్నది కూడా నచ్చింది. పేజీలు తిరిగేకొద్దీ మాత్రం అనుమానం పట్టుకుంది. బాటల మీద అందరూ నిటారుగా నడుస్తున్నారు. పాడేవాళ్ళు, పని చేసేవాళ్ళు, అందరివీ నల్లటి జుట్లే. నా ఈడు మనిషి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతకడం మొదలుపెట్టాక, కథ ఏమవుతుందన్న ధ్యాసే పోయింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "వీళ్ళ ముసలోళ్ళంతా యాడ ఉండారు పాపా?"

"అక్కడ హెల్త్ అంత బాగుంటుంది ఆంటీ. ఎవరూ ముసలివాళ్ళవ్వరు."

"అట్లయితే పడుచులోనే పోతారా అందరూ?"

ఆమె పగలబడి నవ్వింది. "మీరు నవల చదువుతున్నారా, పోలీసు ఎంక్వయిరీ చేస్తున్నారా?"

"ఆ పెద్దమనిషి చూడు, అడగకముందే జవాబు చెప్పేస్తాడు. అట్ల చెప్పేటోళ్ళని నేను నమ్మను."

"రాసినాయన కల కన్నాడు ఆంటీ. కలలో బియ్యం ఎవరు కడిగారని అడుగుతామా?"

అదీ నిజమే. ఎవరో ఒకరు కల కనకపోతే కుళాయిలో రోజంతా నీళ్ళు రావచ్చన్న మాట నా చెవిన పడేదే కాదు. అయినా వెతకడం మానలేదు. చివరికి ఒక ముసలాయన దొరికాడు. నగరం మధ్యలో, రాతి విగ్రహం. ఆ ఊరు కట్టించినాయనట.

ఆ రోజుల్లోనే మా యజమానురాలు కొత్త బిల్డింగు మాట ఎత్తింది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగావిడ, నన్ను అక్కా అంటుంది. పాత ఇల్లు అమ్మేసి బొమ్మనహళ్ళిలో పెద్ద పీజీ పెడుతుందట. టిఫిన్ వేళకు వచ్చినప్పుడల్లా అదే పాట: "లిఫ్టు ఉండాది, జిమ్ము ఉండాది, అందరికీ ఆరామే అక్కా."

అందరికీ అన్నప్పుడల్లా నాకు నవలలోని పెద్దమనిషి గొంతు వినిపించేది. వంటింటి వెనక చిన్న గది నాది. భర్త పోయాక ఈ ఊళ్ళో నాకున్న చోటు అదొక్కటే. ఇల్లు అమ్మితే పనితోపాటు గదీ పోతుంది. ఆ అందరిలో నేనున్నానా లేదా అన్నది ఆమె నోట రాలేదు.

ఒక ఆదివారం నన్నూ ఆ పిల్లనూ కారులో ఎక్కించుకుని కొత్త చోటు చూపించింది. మేడ మీద పూలకుండీలు, రంగురంగుల కుర్చీలు, గోడంత అద్దం. "సూపర్‌గా ఉంది ఆంటీ" అంటూ ఆ పిల్ల ఫోటోలు తీసుకుంది. నేను ప్రతి తలుపూ తోసి చూస్తూ వచ్చాను.

"వంటిల్లు యాడమ్మా?"

"ఊట, అదే భోజనం, బయటినుంచి వ్యానులో వస్తుంది అక్కా. ఇక్కడ వేడి చేసి పెట్టేది, అంతే."

"నేను యాడ పండుకునేది?"

ఆమె కిటికీ తెర సర్దుతూ, "ఇన్నేళ్ళు కష్టపడినావు. ఇంక రెస్టు తీసుకో" అంది.

"అదే, యాడ తీసుకోవల్ల?"

"చూద్దాం తీ అక్కా. ఏదో ఒకటి చేద్దాం."

ఆ పిల్ల ఫోను కిందికి దించింది. తిరిగి వచ్చేటప్పుడు నా చెవిలో, "మా ఆఫీసు క్యాంటీన్‌లో అడగనా ఆంటీ?" అంది.

"అడుగు. నేనూ అడుగుతా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి మడివాళ సందుల్లో పడ్డాను. బోర్డులన్నీ కన్నడలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. నా చదువు పనికిరాలేదు. నోటితో అడుగుతూ పోయాను. చాలాచోట్ల ముందు నా జుట్టు వంక చూసి, తర్వాత మనిషి అక్కర్లేదన్నారు.

మార్కెట్టు వెనక మగపిల్లల పీజీ ఒకటి ఉంది. యజమాని పెద్దవయసు మనిషి. నేను వంటపని అన్నానో లేదో వంటింట్లోకి తీసుకెళ్ళాడు. గోడలన్నీ నూనె జిడ్డు.

"చూసుకోమ్మా. నీళ్ళు పొద్దున కొంచెం సేపే వస్తాయి. ఎలుకలు ఉండాయి. ఈ పిల్లోళ్ళకు ఏం చేసినా ఉప్పు సాలదు. ముందున్న వంటాయన వీళ్ళతో జగళం పెట్టుకుని పోయినాడు. ఇదంతా సరే అయితేనే రా."

ముందే ఎలుకల సంగతి చెప్పాడు కాబట్టి మిగతాది వినబుద్ధేసింది.

"గది ఉండాదా?"

"ఉండాది. వానొస్తే ఒక మూల కారతాది."

తలుపు తీసి ఆయన పక్కకు తప్పుకున్నాడు. లోపలికి వెళ్ళి గడియ వేసి చూశాను. పడింది. నమ్మకం చాలక, తీసి మళ్ళీ వేశాను.