బట్టల కింది గుండీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాసేటప్పుడు కూడా లేదు. ఎముకల డాక్టర్ని కనుక చేతికి తగిలిందీ, ఎక్స్‌రేలో కనిపించిందీ మాత్రమే రాస్తాను.

పంతొమ్మిది వందల ఎనభై దాటాక కూడా మా వరంగల్‌లో మోకాలి కీలు మార్పిడి అరుదే. నాకు ఆ పని నేర్పింది మా సారు. తుంటి మధ్య, మోకాలి మధ్య, చీలమండ మధ్య, ఈ మూడూ ఒకే గీత మీద ఉండాలి. గీత తప్పితే కొత్త కీలు ఒకవైపే అరిగి వదులవుతుంది.

కష్టమంతా తుంటితోనే. అది కండల లోతున ఉంటుంది, పైగా ఆపరేషన్ బట్టలు కప్పేస్తాం. అందుకని సారు ముందే ఎక్స్‌రే చూసి, తుంటి మధ్యకు సరిగ్గా పైన చర్మం మీద ఒక చొక్కా గుండీ పెట్టి ప్లాస్టరు అంటించేవారు. తరవాత బట్టల మీంచి తడిమితే తెలిసేది. "కంటికి బట్ట అడ్డమైతది గని వేలికి గాదు" అనేవారు. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేవారు కాదు.

సారు గుండెపోటుతో పోయారు. మరుసటి ఏడు ఆయన భార్య రోజమ్మ గారు దవాఖానకు వచ్చారు. కుడి మోకాలు వంకర తిరిగింది.

"సమాధుల పండుగకు అందరు మీ సారు సమాధి కాడికి పోయిండ్రు, నేను గేటు కాడ్నే కూసున్న. చేస్త చేస్తనని మీ సారే పాయె. నువ్వు చెయ్యి బిడ్డా."

నడుముకు మత్తు ఇచ్చాం కనుక ఆమె మెలకువగానే ఉన్నారు. సుత్తి చప్పుడు విని తెర వెనక నుంచి, "ఏం బిడ్డా, తలుపులు బిగిస్తానవా?" అని నవ్వించారు.

తొడ ఎముక కోసే ముందు గీత సరిచూసే పొడవాటి కడ్డీని తుంటి వైపు చాపి, కొనను నా అంచనా ప్రకారం పట్టుకున్నాను. ఎదురుగా నిలబడ్డ సిస్టర్ బట్టల మీంచి తడిమింది.

"గుండీ ఆడ లేదు సార్. జర లోపలికున్నది."

నేనూ తడిమాను. గుండ్రంగా, గట్టిగా తగిలింది. కడ్డీ అటు జరిపి కోశాను.

అంతా అయ్యాక బట్టలు తీశాం. గుండీ లేదు. ప్లాస్టరు అంటిన గుర్తు కూడా లేదు. సిస్టర్ ప్రతి బట్టా దులిపింది. ఆమే అంటించిందని నేను, నేనే అంటించానని ఆమె అనుకున్నాం. ఎప్పుడూ సారే చేసుకున్న పని, ఆయన పోయాక ఎవరి పనీ కాకుండా పోయింది.

గజ్జల్లో బిళ్ల కట్టిందేమోనని మరునాడు చూశాను. లేదు. వేళ్ల అలవాటు అనుకుందామంటే, ఇద్దరికీ ఒకే చోట ఎలా తగిలింది? రోజమ్మ గారిని నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గీత మూడు మధ్యల గుండా పోయింది. నా అంచనాతో కోసి ఉంటే కాలు వంకరగానే మిగిలేది.

ఆమెకు ఇదేమీ చెప్పలేదు.

ఆ ఏటి సమాధుల పండుగకు సారు సమాధి ఉన్న కాజీపేట వెళ్లాం. ఆమె చేతికర్రతో గేటు దాటి సారు దగ్గరికి తానే నడిచారు. కానీ కొత్త కీలుతో మోకరించలేరు. "గింత దూరమొచ్చి మోకాళ్లూనకపోతి" అని ఏడ్చారు. ఆమె బదులు నేను వంగి కొవ్వొత్తి వెలిగించాను.

"ఎవలన్న అడిగితే ఈ ఆపరేషన్ మీ సారే చేసిండని చెప్త. ఏమనుకోకు బిడ్డా."

అవునని నేను అనలేను. కాదనడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.