ఐసు పెట్టె మీద పేరు

మీటింగు మొదలయ్యే ముందు గంట కొడతారు. చిన్న ఇత్తడి గంట, దానికో చెక్క సుత్తి. ఆ హాలులో పనికి చేరిన మొదటి వారం ఇదేదో పూజ కాబోలనుకున్నాను. చెప్పులు బయట విప్పేసి, టీ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"లోపలికి రామ్మా, టీ చల్లారిపోతోంది" అని టీచరుగారు నవ్వారు.

టీచరుగారే ఆ సేవా క్లబ్బుకి ప్రెసిడెంటు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. ఆదివారం చర్చిలో ఎంత నిటారుగా కూర్చుంటారో మీటింగులోనూ అంతే. మీటింగు జరిగినంతసేపూ మెడలో రంగు పట్టీ, దానికి వరసగా బిళ్ళలు. వాటి బరువెంతో ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలని నాకు చాలా రోజులు కోరికగా ఉండేది. ఒకరోజు తుడుస్తుంటే బీరువాలో కనిపించింది, పట్టుకుని చూశాను కూడా. అంత బరువేం లేదు.

నేను చదువుకోలేదు. నా సంతకం పెట్టగలను, బస్సు మీద అంకెలు గుర్తుపడతాను, అంతే. ఇది నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మధ్యలో "అలా అనకూడదు అమ్మమ్మా" అని సర్దబోతోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

మాది ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున పేట. పెళ్ళయిన దగ్గర్నుంచీ నెత్తిన చేపల గంపతో ఊళ్ళో వీధి వీధీ తిరిగాను. మా ఆయన పోయాడు, ఆ తరవాత ఏడాదికి నా మోకాళ్ళూ పోయాయి. గంప ఎత్తలేక ఇంట్లో కూర్చుంటే, ఒకప్పుడు నా దగ్గర చేపలు కొన్న టీచరుగారే పిలిపించి ఈ పని చెప్పారు. నెలకి రెండు మీటింగులు. హాలు తుడవాలి, కుర్చీలు వెయ్యాలి, టీలు పెట్టాలి.

టీలు ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు. నేను వెళ్ళేదాన్ని కాదు. గ్లాసులు తీసుకెళ్ళాలన్న వంకతో తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. వీళ్ళు ఏం మాట్లాడుకుంటారో వినాలని ఒకటే కుతూహలం. మా పేటలో పెద్దల పంచాయతీ అంటే అందరూ ఒకేసారి అరుస్తారు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గుతుంది. ఇక్కడ అలా కాదు. ఒకరు లేచి ఒక మాట చెబుతారు. ఇంకొకరు లేచి "బలపరుస్తున్నాను" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. అసలు తగువే లేకుండా పని ఎలా తేలుతుందా అని ఆశ్చర్యపోయేదాన్ని. తరవాత తెలిసింది, తగువంతా మీటింగు అయ్యాక మోటారు సైకిళ్ళ దగ్గర పడతారని.

ఇంకో వింత ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళూ, తమ వంతు రాకుండా మాట్లాడినవాళ్ళూ లేచి పాట పాడాలి. అదే శిక్ష. ఈ శిక్ష వేసేది ఒక కాంట్రాక్టరుగారు. పెద్ద బొజ్జ, అంతకంటే పెద్ద నవ్వు. ఆయన వేలు చూపించాడంటే ఎంతవాళ్ళయినా లేచి పాడాల్సిందే. మందుల షాపాయన సెక్రటరీ. ప్రతిసారీ షాపు కట్టి వచ్చేసరికి ఆలస్యమయ్యేది కాబట్టి ఆయన గొంతు బాగా సాగింది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది పేర్ల సంగతి. వీళ్ళు ఏది ఇచ్చినా దాని మీద పేరు రాస్తారు. కుట్టు మిషను మీద పేరు, నీళ్ళ ట్యాంకు మీద పేరు, బెంచీ మీద పేరు. ఇచ్చినాయన పేరు పెద్దక్షరాల్లో, క్లబ్బు పేరు కింద చిన్నక్షరాల్లో. పేరు రాసి, ఫోటో తీసి పై ఆఫీసుకి పంపితేనే ఆ పని లెక్కలోకి వస్తుందట. మా ఒడ్డున ఒక సిమెంటు బెంచీ వేశారు. దాని మీద ముగ్గురి పేర్లు. రెండో ఏడు సముద్రం ఆ బెంచీని పేర్లతో సహా తీసుకుపోయింది. మా మొదటి ఇంటినీ అలాగే తీసుకుపోయింది, కానీ దాని మీద పేరేం లేదు.

ఈ మధ్య ఒక మీటింగులో పండగ మాట వచ్చింది. క్లబ్బు తరఫున చేపల పండగ చెయ్యాలి, మా పేట ఆడవాళ్ళ చేత వండించాలి, ఊరివాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని తినాలి, ఆ వచ్చినదాంతో ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలి. సెక్రటరీగారు లేచి, "మే నెల రెండో ఆదివారం అండి. పిల్లలకి సెలవులు, అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు" అన్నారు. ఒకాయన బలపరిచాడు. చప్పట్లు పడ్డాయి. పోస్టరు మీద ఏం రాయాలో కూడా చెప్పేసుకుంటున్నారు, 'సముద్రపు తాజా చేపలు' అని.

నాకు నోరాగలేదు.

"మే నెల్లో సముద్రపు చేప ఎక్కడిదండి? అప్పుడు వేట బందు కదండి. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, జూన్ సగం దాకా" అన్నాను.

ఇన్ని చదువులు చదివినవాళ్ళు, సముద్రానికి ఇంత దగ్గర ఉన్నవాళ్ళు, ఒక్కరికీ గుర్తు రాలేదు. సెక్రటరీగారు ఫోనులో వెతకడం మొదలుపెట్టారు.

"చెరువు చేప వండిద్దాం, తినేవాడికి ఏం తెలుస్తుందండి?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"తినేవాళ్ళ సంగతేమో గానీ, వండేవాళ్ళం మేమే కదండి. గరిట పట్టుకుని నవ్వుతాం" అన్నాను.

కాంట్రాక్టరుగారు కుర్చీలోంచి లేచి నా వైపు వేలు చూపించారు. "వంతు రాకుండా మాట్లాడింది. పాట!"

"అయ్యో, నేను మెంబర్ని కాదు కదండి!"

"మెంబరు కాకపోతే రెండు పాటలు."

టీచరుగారు వద్దంటారేమోనని చూశాను. ఆవిడ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాకు వచ్చింది ఒడ్డున వల లాగేటప్పుడు పాడుకునే పాట ఒక్కటే. అది లాగేవాళ్ళకి ఊపు రావడం కోసం పాడేది, మధ్యలో ఒక బూతు ఉంటుంది. పాడాను. ఆ ముక్క వచ్చినప్పుడు దగ్గేశాను. కాంట్రాక్టరుగారికి ఆ పాట తెలుసనుకుంటాను, బొజ్జ ఊగిపోయేలా నవ్వారు.

పండగ జూన్ నెలాఖరుకి మారింది. బోట్లు మళ్ళీ వేటకి వెళ్ళి వచ్చే రోజులు, చేప కొత్తగా, గట్టిగా ఉంటుంది. వానొస్తే టెంటు వేద్దామన్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం నుంచి మొదలుపెడదామన్నారు. అప్పుడు టీచరుగారు నన్నే చూస్తూ, "ఇంకేమైనా ఉందామ్మా? పాట ఎలాగూ పాడేశావు" అన్నారు.

ఉంది. మూడేళ్ళుగా ఉంది.

మా ఆయన పోయినప్పుడు మా అమ్మాయి కువైట్‌లో ఇంటి పనిలో ఉంది. తండ్రి ముఖం చూడకుండా మట్టి చెయ్యొద్దని ఫోనులో ఒకటే ఏడుపు. వాళ్ళ సేటు కాగితాలు ఇచ్చి, విమానం దొరికి, రావడానికి రెండు రోజులు పట్టింది. ఫ్రీజరు పెట్టె కోసం ఫోన్లు చేస్తే, దగ్గరలో ఉన్నది ఒక్కటే, అదీ వేరే ఇంట్లో ఉంది అన్నారు. ఇంకేం చేస్తాం. చేపల రేవు నుంచి ఐసు దిమ్మలు తెచ్చి రంపపు పొట్టు పరిచి మా ఆయన్ని వాటి మీద పడుకోబెట్టాం. రొయ్యల్ని, వంజరాన్ని ఎలా పెడతామో అలాగే. ఐసు కరుగుతూనే ఉంది. ఆ నీళ్ళు ఇల్లంతా పారి గుమ్మం దాటాయి. నేను గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాను, ఏడవడానికి తీరిక లేదు. అమ్మాయి వచ్చి తండ్రి మీద పడి లేచేసరికి దాని బట్టలు తడిసి చేపల వాసన. ఆ వాసన ఐసుది, మనిషిది కాదు. దానికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

ఇదంతా వాళ్ళకి చెప్పలేదు. "పెట్టె కొనండి. మనుషుల్ని పెట్టే ఐసు పెట్టె. మా పేటకి దగ్గర్లో ఉంటే చాలు" అన్నాను.

ఎవరూ బలపరచలేదు. ఎవరూ కాదనలేదు కూడా. టీచరుగారే నెమ్మదిగా, "ఇది మంచి మాట. నేనే బలపరుస్తున్నాను" అన్నారు.

అప్పుడు పడింది చిక్కు. దాని మీద ఎవరి పేరు?

పండగలో వచ్చేది సగానికి సరిపోతుంది, మిగతా సగం ఒక దాత వెయ్యాలి, ఆయన పేరు పెట్టె మీద రాయాలి. అదే వాళ్ళ పద్ధతి. బెంచీకి ముగ్గురు పోటీ పడ్డ మనుషులు ఇప్పుడు ఫోన్లు చూసుకుంటున్నారు.

"సెక్రటరీగారూ, మీరు?" అన్నారు టీచరుగారు.

"మేడమ్, నాది మందుల షాపు. జ్వరం మాత్రలు కొనుక్కున్నవాడు వెళ్ళి పెట్టె మీద నా పేరు చూస్తే ఏమనుకుంటాడండి?"

"పోనీ మీరు?"

కాంట్రాక్టరుగారి నవ్వు పోయింది. "మా అమ్మకి ఎనభై దాటాయండి. నా పేరు అలాంటి దాని మీద ఉందని తెలిస్తే అన్నం మానేస్తుంది. డబ్బు ఇస్తాను. పేరు మాత్రం వద్దండి."

"క్లబ్బు పేరే రాద్దాం."

"ఎందుకండి అశుభం" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఒక్కరికీ పాట శిక్ష పడలేదు.

పేరు లేకపోతే ఫోటో లేదు, ఫోటో లేకపోతే లెక్కలోకి రాదు. పోస్టరు మీద పండగ దేనికోసమో రాయాలి కదా, వచ్చే మీటింగుకి ఎవరూ ముందుకి రాకపోతే బస్సు స్టాపుకి రేకుల షెడ్డు అని రాసేద్దామని తేల్చారు. షెడ్డుకి అప్పుడే ఇద్దరు చేతులెత్తారు.

ఆ రెండు వారాలూ నాకు వేరే ధ్యాస లేదు. మనిషి పేరుకి అంత భయం ఏంటా అని ఆలోచించాను. గంప మీద పేరు రాస్తే చేప పాడవుతుందా? మా తోటికోడలితో అన్నాను. అది చేపలు ఎండేస్తూ, "బతికున్నవాడి పేరు శవం పెట్టె మీద రాస్తే భయపడడేంటక్కా? నీ పేరు రాస్తామంటే ఒప్పుకుంటావా?" అంది.

నిజం చెప్పాలంటే నేనూ ఒప్పుకోను. అక్కడే నాకు తట్టింది.

తరవాతి మీటింగులో టీలు ఇచ్చి, గంట కొట్టేదాకా ఆగాను. ఈసారి చెయ్యి ఎత్తాను. టీచరుగారు తల ఊపారు.

"మా ఆయన పేరు రాయండి" అన్నాను. "ఆయన పోయి మూడేళ్ళయింది. ఇంక ఆయనకి కొత్తగా వచ్చే కీడేముందండి?"

సెక్రటరీగారు టీ గ్లాసు కింద పెట్టేశారు. తరవాత కాంట్రాక్టరుగారు లేచారు. పాట అంటారేమో అనుకున్నాను. "బలపరుస్తున్నాను. తక్కువ పడింది నేను వేస్తాను" అని కూర్చున్నారు.

పండగ రోజు పొద్దున్న జల్లు పడింది, మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. మేం పన్నెండుమంది ఆడవాళ్ళం పొయ్యిల దగ్గర. వంజరం వేపుడు, చందువా పులుసు, ఎండు నెత్తళ్ళు. టీచరుగారు మెడలో ఆ పట్టీతోనే మా పొయ్యి దగ్గరకొచ్చి పులుసు రుచి చూశారు, బిళ్ళ ఒకటి పులుసులో మునిగింది. సాయంత్రానికల్లా గిన్నెలు ఖాళీ. పోస్టరు మీద దేనికోసమో రాసే ఉంది, అయినా ఎవరూ తినడం మానలేదు. చావు పెట్టె కోసం అంత కడుపునిండా ఎలా తింటారా అని చూస్తూ నిలబడ్డాను. మొగుడు పోయిన మూడో రోజు నేనూ తిన్నాను కదా, అంతేనేమో.

పెట్టె వచ్చాక మా పేట గ్రంథాలయం గదిలో పెట్టారు. ఎవరికి కావాలన్నా ఊరికే ఇవ్వాలి, తాళం నా దగ్గర ఉండాలి అన్నారు. పక్కన నీలం రంగుతో మా ఆయన పేరు రాయించారు. ఆ అక్షరాలు నాకు తెలుసు, మరణ ధ్రువపత్రం మీద చూశాను. ఫోటో తీసుకున్నారు. వారం తిరక్కుండా మా తోటికోడలు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బావగారి పేరొక్కటేనా? మా ఆయనా పోయినవాడే కదా, ఏం పాపం చేశాడు? నెత్తళ్ళు శుభ్రం చేసింది నేను కాదూ?"

దాని వెనక మొగుళ్ళు పోయినవాళ్ళే ఇంకో ఇద్దరు. పెయింటరు విసుక్కుంటూనే కింద మూడు పేర్లు చేర్చాడు. చిన్నక్షరాలేనని మా తోటికోడలు ఇప్పటికీ సాధిస్తోంది.

మొదటిసారి పెట్టె వెళ్ళింది కాంట్రాక్టరుగారి ఇంటికే. వానల్లో వాళ్ళమ్మగారు పోయారు. చెల్లెలు దూరం నుంచి రావాలి. ఆయనే స్వయంగా ఆటో వేసుకుని వచ్చి తాళం అడిగారు. ప్లగ్గు పెట్టడం, మీట నొక్కడం నేర్చుకున్నది నేను కాబట్టి నేనూ వెళ్ళాను. పెద్దావిడ అద్దం కింద నిద్రపోయినట్టు ఉంది. చెల్లెలు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. అందరూ లేచి గొల్లున ఏడుస్తుంటే, నేను ఒంగి పెట్టె కింద చెయ్యి పెట్టి నాలుగు మూలలా నేల తడిమాను.

కాంట్రాక్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ చూశారు. "ఏం వెతుకుతున్నావమ్మా?"

"నీళ్ళండి" అన్నాను. "లేవు."