కాలవ గట్టున సగం దారి

అమెరికాలో రోడ్డు పక్కన నడిచే మనిషిని చూస్తే జాలిపడతారని నాకు వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటు నుంచి పాలకోసం బయల్దేరితే చాలు, కార్లు ఆగేవి. అద్దం దించి "ఆర్ యూ ఓకే?" అని అడిగేవాళ్ళు. ఓకేనయ్యా బాబూ, పాలు కొనుక్కోడానికి వెళ్తున్నాను, నాకేం రోగం అని మనసులో అనుకుని, పైకి నవ్వి చెయ్యి ఊపేదాన్ని. అయినా వాళ్ళ తప్పేముంది? చీర మీద మొగుడి కోటు, కాళ్ళకి కాన్వాసు బూట్లు, చేతిలో గుడ్డసంచీ. ఎవరో ఇంట్లోంచి గెంటేస్తే వచ్చేసిందనుకుని ఉంటారు.

అది డెబ్భై తొమ్మిది. మా ఆయన ఒక మందుల కంపెనీలో కెమిస్టు. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆయనతో ఆఫీసుకి వెళ్ళిపోయేది. నాకు డ్రైవింగ్ నేర్పుతానని రెండు ఆదివారాలు స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. రెండో ఆదివారం "బ్రేకంటే బ్రేకు వెయ్యాలి, ఆలోచిస్తావేంటి!" అని అరిచాడు. పార్కింగ్ లాట్ మధ్యలో కారు ఆపేసి, దిగి, ఇంటికి నడిచొచ్చేశాను. మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటే ఒట్టు అన్నాను. అన్నమాట మీద చాలా ఏళ్ళు నిలబడ్డాను కూడా. నా కోపం అలాంటిది. ఎవరి మీద వచ్చినా నష్టపోయేది నేనే.

పొద్దున ఆయన వెళ్ళాక తలుపు వేసుకుంటే, మళ్ళీ సాయంత్రం దాకా ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. టీవీలో వాతావరణం చెప్పేవాడు గుడ్ మార్నింగ్ అంటే నేనూ గుడ్ మార్నింగ్ అనేదాన్ని. నవ్వకండి. పలకరించే దిక్కు లేకపోతే మీరూ అంటారు. తెనాలిలో ఒక్క నిమిషం నోరు మూసుకోవే అని రోజూ తిట్లు తిన్నదాన్ని. ఇక్కడ సాయంత్రం మా ఆయన ఏదైనా అడిగితే గొంతు పెగిలేది కాదు. ఏడుపొచ్చేది. ఎదురుగా ఏడిస్తే ఎందుకని అడుగుతాడు, చెప్పడానికి నా దగ్గర కారణం ఉండదు. అందుకని బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఫోన్ మోగింది. "హలో, మీరు తెలుగువాళ్ళేనాండీ?" అని ఆడగొంతు. టెలిఫోన్ డైరెక్టరీలో మనవాళ్ళ ఇంటిపేర్లు వెతికి ఫోన్ చెయ్యడం అప్పట్లో అందరూ చేసే పనే. ఆవిడ మా ఇంటిపేరు పట్టుకుంది. కాకినాడ మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. భర్త ఇంజినీరు, రాకీ హిల్ అనే చిన్న ఊళ్ళో కాపురం. ఆవిడకీ పగలు కారుండదు, ఉన్నా నడపడం రాదు.

"అయితే మీరూ నాలాగే జైల్లో ఉన్నారన్నమాట" అని పకపకా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజునుంచి రోజూ ఫోనే. ఇద్దరం ఒకసారి కలుసుకుందామంటే మాత్రం కుదిరేది కాదు. శని ఆదివారాలు మగవాళ్ళకి గ్రోసరీ, లాండ్రీ, నిద్ర. ఈ వారం కాదు, వచ్చే వారం అనేవాళ్ళు. ఆ వచ్చే వారం ఎప్పుడూ వచ్చేది కాదు. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది.

"మా ఇంటి దగ్గర ఒక పాత కాలవ ఉందండీ. గట్టు మీద పడితే మీ ఊరి దాకా వస్తుందట. పూర్వం గుర్రాలు ఆ గట్టు మీద నడుస్తూ పడవల్ని లాగేవట. మధ్యలో కింగ్‌స్టన్‌ దగ్గర లాకులున్నాయి. మీరు అట్నుంచి నడవండి, నేను ఇట్నుంచి వస్తాను."

తెనాలి దానికి కాలవా లాకులూ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా! గురువారం పులిహోర కలిపి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరాను. మా ఆయనకి చెప్పలేదు.

ఏప్రిల్ నెల. గట్టుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరువు, మధ్యన సన్నటి మట్టిదారి. నీళ్ళలో పడ్డ దుంగల మీద తాబేళ్ళు వరసగా ఎండ కాచుకుంటున్నాయి. ఆ దారిలో నన్ను చూసి ఎవరూ జాలిపడలేదు. అక్కడ అందరూ నడిచేవాళ్ళే కదా. హాయ్ అని తలూపి వెళ్ళిపోయారు. లాకుల దగ్గరికి చేరేసరికి ఆవిడ లేదు. నిలబడి ఎదురుచూసే ఓపిక నాకెక్కడిది? ఎదురువెళ్దామని ఇంకాస్త ముందుకు నడిచాను. అప్పుడు కనిపించింది, ఆకుపచ్చ చీర మీద ఎర్ర స్వెట్టరు. కనిపించడమైతే కనిపించింది గానీ, అవతలి గట్టున. అటువైపు పాత రైలు పట్టాలుంటే అదే దారి అనుకుని వాటివెంట వచ్చేసింది మహాతల్లి.

"ఏవండోయ్! అటెలా వెళ్ళారండీ?" అని అరిచాను.

"నేనెక్కడికెళ్ళానండీ, మీరే అటున్నారు!" అని అక్కణ్ణుంచి కేక.

వంతెన నా వెనకాల, లాకుల దగ్గరుంది. నేను వెనక్కి తిరిగాను. ఇద్దరం మధ్యలో నీళ్ళు పెట్టుకుని, ఎవరి గట్టున వాళ్ళం సమానంగా నడిచాం. మాటలకి మాత్రం వంతెన దాకా ఆగలేకపోయాం. ఏం వండారు, ఇక్కడి మిరపకాయ కారం ఉంటుందా, మీ అత్తగారు ఉన్నారా అని గావుకేకలు. చేపలు పట్టుకుంటున్న ఒక ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గాలం పైకి తీసుకుని కూర్చున్నాడు.

తీరా వంతెన మీద ఎదురెదురు పడ్డాక ఇద్దరికీ సిగ్గేసింది. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. ఒక ఆడమనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో! అక్కడే ఏడ్చేశాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

తరవాత ప్రతి గురువారం అంతే. సగం దారి నేను, సగం దారి ఆవిడ. వానొస్తే లేదు, మంచు పడే నెలల్లో లేదు. ఆ నెలలు ఎలా గడిచేవో నాకు తెలుసు. ఆవిడ నాకు అక్క అయింది, నేను ఆవిడకి నువ్వు అయ్యాను. ఏం మాట్లాడుకునేవాళ్ళమంటే ఒక్క పనికొచ్చే మాట కూడా గుర్తులేదు. వంకాయ కూర, పిన్నిగారి పెళ్ళి, జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలి. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం కూడా అక్కడే తెమిల్చాం. ఇంట్లో పూజ చేసుకున్నాక ఒక్క ముత్తైదువకైనా శనగలూ రవికగుడ్డా పెట్టి వాయనం ఇవ్వాలి, లేకపోతే చేసిన పూజ చేసినట్టు కాదని మా అమ్మ పట్టుదల. మా అపార్ట్‌మెంట్లలో ముత్తైదువ ఎక్కణ్ణుంచి వస్తుంది? లాకుల దగ్గర బెంచీ మీద అక్క బూట్లూ సాక్సూ విప్పి కూర్చుంటే కాళ్ళకి పసుపు రాశాను. జాగింగ్‌కి వచ్చినవాళ్ళు ఇదేదో వైద్యం అనుకుని ఉంటారు. ఇస్తినమ్మ వాయనం అని నేను, పుచ్చుకుంటినమ్మ వాయనం అని ఆవిడ. అంత సంతోషంగా ఆ దేశంలో నేనెప్పుడూ లేను.

ఎనభై రెండులో అక్కకి లైసెన్సు వచ్చింది. వాళ్ళాయన రెండో కారు కొన్నాడు. ఆవిడకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. "ఇంక నీకు నడక తప్పింది. రోజూ నేనే వచ్చేస్తాగా" అంది. వచ్చింది. గంటల దారి పావుగంటలో వచ్చి, కాఫీ తాగి, గడియారం చూసుకుని వెళ్ళింది. ఇంకోసారి మాల్‌కి తీసుకెళ్ళింది. తరవాత తరవాత "ఈ గురువారం బిజీ" మొదలైంది. ఎవరో డాక్టరుగారి భార్య పరిచయమైందట, వాళ్ళింట్లో భజన. ఇంకెవరిదో పుట్టినరోజు. ఫోన్లో ఆ కబుర్లన్నీ చెబుతుంటే ఊఁ ఊఁ అనేదాన్ని. నేను మాత్రం గురువారం అయ్యేసరికి ఏదో ఒకటి వండుకుని లాకుల దగ్గరికి నడిచేదాన్ని. ఏమో, రావచ్చు కదా. కాసేపు కూర్చుని, డబ్బా తెరవకుండానే వెనక్కి తీసుకొచ్చేదాన్ని. అలా వెళ్తున్నానని ఆవిడకి చెప్పలేదు, పౌరుషం. కానీ భయంగా ఉండేది. ఆ దేశంలో నాకున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ కూడా లేకపోతే ఇంక ఎవరితో మాట్లాడను?

శ్రావణ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే పూజ ముగించి అక్కకి ఫోన్ చేస్తే ఎంగేజ్. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. అంటే ఇంట్లోనే ఉందన్నమాట. వాయనం ఇవ్వాలి కదా. పూజలోంచి లేచిన పట్టుచీరతోనే, శనగల డబ్బా, రవికగుడ్డ, అరటిపళ్ళు సంచీలో పెట్టుకుని, డైరెక్టరీలో వాళ్ళ అడ్రసు చూసుకుని, బూట్లేసుకుని బయల్దేరాను.

లాకులు దాటి ఆవలికి వెళ్ళడం అదే మొదటిసారి. మొదటిరోజు వేసిన నాలుగడుగులు తప్ప, ఆ సగం దారి నేనెప్పుడూ చూడలేదు. నా వైపు దారిలో ఉన్న చెరువూ గాలీ ఇక్కడ లేవు. చెట్లు రెండు పక్కలనుంచీ కమ్ముకుని ఉక్క పోస్తోంది. మొహం చుట్టూ జోరీగలు. ఎంత నడిచినా ఊరు రాదు, మనిషి కనపడడు. ఓరి నాయనో, ఇంత దారి నడిచి వచ్చేదా అక్క, ప్రతి గురువారం, నాకోసం! అలాంటి మనిషినా నేను అనుమానించింది అనుకుంటే కళ్ళు చెమర్చాయి. ఉత్త మూర్ఖురాలివి అని నన్ను నేనే తిట్టుకున్నాను. కాళ్ళు మండుతున్నా గబగబా నడిచాను.

వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ఇంటిముందు రెండు వైపులా కార్లు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులు గుట్టగా పడున్నాయి. లోపల్నుంచి నవ్వులు, గలగలా తెలుగు. ఏం జరుగుతోందో అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పేరంటానికి పిలుపు లేకుండా మా ఇళ్ళల్లో ఎవరూ వెళ్ళరు. వెనక్కి తిరిగిపోదామనుకుంటూనే ఉన్నాను, తలుపు తెరుచుకుంది.

"అయ్యో, మీరా! రండి, రండి" అంది అక్క. నా భుజం మీదుగా వీధిలోకి చూసింది, కారు కోసం. "ఎలా వచ్చారు?"

"నడిచి."

"నడిచా! ఇంత దూరమా! ఈ ఎండలోనా!" అంది, ఆ దారి ఎలా ఉంటుందో తనకి తెలియనట్టు. తరవాత గొంతు తగ్గించి, "నీకు రైడ్ దొరకదు కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడమని పిలవలేదే" అంది.

ప్రతి చిన్నదానికీ ఒళ్ళుమండే మనిషిని, ఆ రోజు కోపమే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చీర కుచ్చెళ్ళకి బురద, జాకెట్టంతా చెమట. ఇస్తినమ్మ వాయనం అని నేను నోరు తెరిచేలోపే ఆవిడ సంచీ అందుకుని, బల్లమీద మిగతావాళ్ళవి పెట్టినచోట పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. నేను సోఫా అంచున కూర్చున్నాను.

పక్కనున్న ఒక పెద్దావిడ పలకరించింది. "ప్లెయిన్స్‌బరో నుంచా అమ్మా? అంత దూరం నుంచి మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయింది?"

నాకు నవ్వొచ్చింది. ఆ గట్టునుంచి ఈ గట్టుకి మా కేకలు, ఆ ముసలాయన గాలం, అన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. చెబుదామని అటు తిరిగాను.

"ఏదో పార్టీలో కలిశాంలెండి. ఎవరింట్లోనో గుర్తు కూడా లేదు" అంది అక్క, వంటింటి గుమ్మంలోంచి. అని నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు చూసింది. ఆ పట్టుచీరల మధ్య, ఒకప్పుడు తనకి కారు లేదని, బూట్లేసుకుని కాలవ గట్టున పడి నడిచేదని తెలియడం ఆవిడకి ఇష్టం లేదు.

"అవునండీ, పార్టీలోనే" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దావిడే నాకు రైడ్ ఇచ్చింది. మంచి మనిషి. డ్రైవింగ్ నేర్చుకో అమ్మా, లేకపోతే ఈ దేశంలో నీకు స్నేహితులు ఎలా దొరుకుతారు అని మా ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి ఊఁ కొడుతూ కూర్చున్నాను.