టైలర్ రెడ్డెప్పన్న గీసిన గీత

ఇందుమూలంగా నా ఫ్రెండ్స్ లిస్టులోని సమస్త జనానికి తెలియజేయడమేమనగా...

ఈ పోస్ట్ కింద గులాబీ పూల బొమ్మలు నిషేధం. దండం బొమ్మలు మూడుకు మించరాదు. చదవకుండానే "ఓం శాంతి" అని కొట్టేవాడి పేరు నేను రాసి పెట్టుకుంటాను.

తొమ్మిదో క్లాసు తప్పినవాడి ఆజ్ఞ.

సరే, కామెడీ అయిపోయింది.

నిన్న పొద్దున టీ కొట్టు దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. రెడ్డెప్పన్న పెద్దకూతురు భారతి.

"సీనన్నా, నాయన పోయినాడు" అనింది.

టీ గ్లాసులోనే చల్లారిపోయింది. నా నోటికి ఊరంతా భయపడుతుంది. నిన్న దాంతో "ఎప్పుడు" అని మాత్రం అడిగాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎనభైల మొదట్లో పుంగనూరులో, పిల్లకాయలుగా ఉన్న మా కబడ్డీ టీముకు అన్నీ టైలర్ రెడ్డెప్పన్నే. ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. పొద్దున అంగడి తెరవకముందు ఒక గంట, సాయంత్రం అంగడి తొందరగా మూసి ఇంకో గంట, మాకే.

ఆయన భార్య రాజమ్మక్కకు ఒక కాలు సరిగా రాదు. ఆమెను సైకిల్ వెనక, భారతిని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గ్రౌండుకు వచ్చేవాడు. ఆమె రాయి మీద కూర్చుని చింతగింజలతో పాయింట్లు లెక్కపెట్టేది. ఎండ ఆమె మీదికి వస్తే ఆట ఆపి, పోయి గొడుగు జరిపి వచ్చేవాడు. ఎదుటి టీము ఎవరైనా సరే, ఆగాల్సిందే.

మా చెడ్డీలు కూడా ఆయనే కుట్టాడు, ప్యాంట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో. ఒక కాలు బూడిద రంగు, ఇంకో కాలు కాఫీ పొడి రంగు. మదనపల్లెకు ఆడేదానికి పోతే "సర్కసోళ్లు వచ్చినారప్పో" అన్నారు.

గెలిచాక అనలేదు.

ఆయన పాఠం ఒక్కటే. కూతకు పోయినవాడు అవతలి పక్క ఒక గీత దాటి రావాలి. దాటకుండా తిరిగొస్తే ఔట్. గీత కోసం కిందికి చూస్తే అవతలివాళ్లు కాలు పట్టేస్తారు. అందుకే చూడనిచ్చేవాడు కాదు.

"గీత కంటికి గాదురా, కాలికి తెలియాల" అనేవాడు.

రోజూ పొద్దున నడిమి గీత నుంచి ఒక పాత టైలర్ టేపుతో కొలిచి సున్నం పోసేవాడు. అంకెలు చూడడు. టేపు మీద టేపు, ఎన్ని టేపులో అదే లెక్క.

ఆ టేపు ముందర అరడుగు కత్తిరించింది నేను.

మా టీములో లావు రమణగాడి చెడ్డీకి తోక కావాల్సి వచ్చింది, అంతే. వాడు స్కూలంతా ఆ తోకతో తిరిగాడు. కడుపు పట్టుకుని నవ్వాం. టేపు కొసనుండే ఇత్తడి రేకును రాయితో కొట్టి మళ్లీ బిగించి, అంగట్లో ఉన్నచోటే పెట్టేశాను.

నెల రోజులు మా కాళ్లు ఆ తప్పు కొలతనే నేర్చుకున్నాయి.

తర్వాత కుప్పంలో పోటీలు.

మావాడు కూతకు పోతాడు, దాటేశాననుకుని తిరిగొస్తాడు, రిఫరీ విజిల్ ఊదుతాడు. ఒకడు, ఇంకొకడు, ఇంకొకడు. అందరూ గీతకు అడుగు ఇవతల నుంచే. నాలుగోవాణ్ణి నేను.

రాజమ్మక్క ఒళ్లో చింతగింజలు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఊరికొచ్చాక ఊరి ఆటల కమిటీ పెద్దమనుషులు ఇనుప టేపు తెచ్చి మా గ్రౌండు కొలిచారు. టేపుకు అరడుగు చొప్పున, గీత అడుగుకు పైగా తక్కువ. ఎవడు ఏం చేశాడో చెప్పమని మమ్మల్ని వరసగా నిలబెట్టారు.

రెడ్డెప్పన్న వచ్చి మాకు అడ్డంగా నిలబడ్డాడు.

"పిల్లోళ్లని యాల అడగతారు సామీ. కొలిసింది నేను. తప్పు నాది."

నేను రమణగాడి వీపు వెనక ఉన్నాను.

ఆ రోజు నుంచి ఊర్లో ఒక మాట. "గీత కొలవలేనోడు నడుము యాడ కొలస్తాడు." ఆ మాటకు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. పెళ్లి గుడ్డలు వేరే అంగడికి పోయాయి. ఏడాది తిరక్కుండా అంగడి మూసి, భార్యాబిడ్డలతో మదనపల్లెకు పోయి, ఇంకొకరి అంగట్లో మెషిన్ ముందు కూర్చున్నాడు. కుట్టడం వరకే. కొలతలు ఓనరు తీసుకునేవాడు.

అక్కడా పిల్లలకు కబడ్డీ నేర్పాడు, మొన్నమొన్నటి దాకా. రాజమ్మక్కనూ గ్రౌండుకు తీసుకుపోయేవాడు, సైకిల్ పోయి ఆటో వచ్చిందంతే. గీతలు మాత్రం మళ్లీ గీయలేదంట. టేపు ఎవరి చేతికో ఇచ్చి దూరంగా నిలబడేవాడంట.

నిన్న ఆ కమిటీవాళ్లు ఫ్లెక్సీ వేయించారు. "క్రీడారత్న" అంట. ఆ మాట పుట్టినాక ఆయన అంగడి తెరిచి కూర్చుంటే, మీలో ఒక్క చొక్కా కొలత ఇచ్చినవాడు లేడు. ఫ్లెక్సీలో ఆయన మొహం కంటే మీ మొహాలే పెద్దగా ఉన్నాయి. ఒకసారి కొలుచుకోండి.

నేను మీకంటే మేలు. పోయిన ఏడాది ఆయన ఇంటికి పోయి నిజం చెప్పేశాను. మెషిన్ ఆపి, కళ్లద్దాలు పైకి తోసి, "కత్తిరింపు వంకరగా ఉండాదిరా, నీ బుద్ధి మాదిరే" అని నవ్వాడు. టీ తాగించి పంపించాడు.

నిన్న సాయంత్రం భారతి మళ్లీ ఫోన్ చేసింది. మెషిన్ సొరుగులో ఒక పాత టేపు దొరికిందంట. ముందర అరడుగు లేదంట.

"దీన్ని యాల దాసుకున్నాడో తెలీదన్నా" అనింది.

టేపు తెగిందని తెలిసీ, ఆయన నలభై ఏళ్లు ఎవరికీ చూపించలేదు.

ఇక్కడిదాకా చదివినవాళ్లకు ఒక మాట చెప్పాలి. టేపు నిజం, సొరుగు నిజం. పోయిన ఏడాది నేను పోయి చెప్పింది అబద్ధం. ఆయన నవ్వింది, టీ తాగించింది, అంతా ఇప్పుడు ఇక్కడ కూర్చుని అల్లింది.

ఆయన ఇంటి వీధి మలుపు దాకా పోయిన మాట వాస్తవం. మెషిన్ చప్పుడు వినిపించింది. అక్కడినుంచే తిరిగొచ్చేశాను.

ఔట్.

పోయిరా రెడ్డెప్పన్నా. ఆడ గీతలు నువ్వే గియ్యి, టేపు ఎవరికీ ఇయ్యబాక. నీకు శాంతి దొరకాల.

నాకు ఇప్పుడప్పుడే వద్దు.