మునిలక్ష్మమ్మ చాప

బాగేపల్లిలో శెనక్కాయలు ఒలిచే మునిలక్ష్మమ్మ సాయంత్రం కాగానే అరుగు ఊడ్చి చాప పరిచేది. రిటైరయిన మేష్ట్రు రామచంద్రప్ప ఆ చాప మీద కూర్చుని, చేరిన ఊరివాళ్ళకు గ్రీకు తత్వం చదివి చెప్పేవాడు. ఆమె చేతులు కాయలు ఒలుస్తూనే ఉండేవి, కళ్ళు మాత్రం ఎక్కడో తేలుతుండేవి. వానలు తప్పిన ఒక ఏడు, వినేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఒకనాడు ఎవరూ రాలేదు. మేష్ట్రు పుస్తకం మూయబోయాడు.

“నేనుండాను కదప్పా, సదవండి.”

“అన్నిటికీ మూలం నీళ్ళేనన్నాడమ్మా, ఒక గ్రీకు పెద్దాయన.”

ఆమె చేతులు ఆగాయి. “ఆయప్పది మన తట్టు ఊరేనా? నీళ్ళు లేనోడికే ఆ మాట తోస్తాది.”

“కాదమ్మా. వాళ్ళ ఊరిని ఆనుకునే సముద్రం.”

మునిలక్ష్మమ్మ మబ్బు లేని ఆకాశంలోకి చాలాసేపు చూసింది.

“అన్ని నీళ్ళుండి గూడా నీళ్ళను తలుసుకున్యాడా! అయితే పెద్దోడే. రేపు గూడా చాప పరుస్తానప్పా.”