మేము మానేసిన మాత్ర

పొద్దున మా మనవరాలు కాలేజీ పుస్తకం గట్టిగా చదువుకుంటుంటే ఫాస్ఫటేజ్ అనే మాట చెవిన పడింది, చేటలో బియ్యం అట్లాగే వదిలేసి కూర్చుండిపోయాను. నాకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు, అయినా ఆ మాట నాకు తెలుసు. మా ఆయన ప్రాణం నిలబడిన రోజున డాక్టరు నోట విన్న మాట అది.

మా ఆయనకు రక్తంలో క్యాన్సర్ అని తేలినప్పుడు మాకు కెంచనగుడ్డ దగ్గర కాలువ కింద వరిమడి ఉండేది. రోజుకొక మాత్ర, మూడు నెలలకొకసారి బళ్లారిలో రక్తపరీక్ష. ఏడాది తిరిగేసరికి రక్తం బాగుపడిందని, అయినా మాత్ర మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. కానీ మింగిన ప్రతిసారీ వాంతి, కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం చూసి చూసి నేనే ఓర్చుకోలేకపోయాను. గింజ గట్టిపడ్డాక మడికి నీళ్లు ఆపేస్తాం, లేకుంటే పైరు పడిపోతుంది; ఆ బుద్ధే ఇక్కడా పనిచేసింది.

“గింజ గట్టిపడినంక ఇంకా నీళ్లు పెడ్తారా యాడన్నా? ఇంక చాలించు,” అన్నాను.

“ఓహో, డాక్టరమ్మ చెప్పినాక తప్పుతాదా!” అని నవ్వి, చేతిలోని మాత్రను తిరిగి డబ్బాలో వేసేశాడు.

మూడు నెలలు మనిషి కడుపునిండా తిన్నాడు, నేను మురిసిపోయాను. తర్వాత పరీక్ష కాగితం చూసిన డాక్టరు జబ్బు తిరగబెట్టిందన్నాడు. మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని అడిగితే మా ఆయన, “ఒక్క దినమూ తప్పలేదు సార్,” అన్నాడు. తన పరువు కోసం అన్నాడో, నన్ను కాపాడాలని అన్నాడో.

అయితే జబ్బు ఈ మాత్రకు లొంగడం లేదు, ఇంకా పెద్ద మందుకు మార్చాలి, అది గుండె మీద పడవచ్చు అంటూ డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా నేను గోడకానుకునే నిలబడ్డాను. నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మొగుడి మాటను బయటివాళ్ల ముందు కాదనడం మన ఇళ్లలో లేదు. పెన్ను కదులుతూనే ఉంది, నేను గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చాను.

“సార్, రాయొద్దు. మూడు నెల్లాయె మాత్ర మింగక. మానమని చెప్పింది నేనే.”

మా ఆయన తల తిప్పలేదు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, “నిజం చెప్పి మంచి పని చేసినావు తాయీ,” అని, కాలువ మనుషులకు తెలిసేటట్టు చెప్పాడు. ఒంట్లో కణాన్ని పెరగమని గుర్తు వేసేది ఒకటి, ఆ గుర్తు తుడిచేది ఇంకొకటి ఉంటాయట, ఒకడు కాలువ తూము తలుపు ఎత్తితే ఇంకొకడు దించినట్టు. ఆ దించేవాళ్లే ఫాస్ఫటేజ్‌లు. వాళ్లలోనూ కొందరు ఎత్తేవాడితో చేతులు కలుపుతారట. ఈ జబ్బులో ఎత్తేవాడికి పిచ్చి పట్టి ఆగకుండా ఎత్తుతుంటాడు, దించేవాళ్ల బలం చాలదు. మాత్ర ఆ పిచ్చివాడి చేయి పట్టుకుంటుంది, అంతే. వదిలితే మళ్లీ వరదే.

పాత మాత్రే మళ్లీ మొదలుపెట్టాం, అన్నంతో వేస్తే వాంతీ తగ్గింది, జబ్బూ దిగింది. ఆరేళ్లు బతికి, చివరకు పక్షవాతంతో పోయాడు. ఆ రోజు బళ్లారి నుంచి ఊరికి తిరిగొచ్చే సిరుగుప్ప బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి, ఆరేళ్లలో ఒక్కసారీ ఆ సంగతి ఎత్తలేదు. రోజూ అన్నం తినగానే చేయి చాపేవాడు, నేను మాత్ర పెట్టేదాన్ని. పరాయివాడి ముందు తల దించేలా చేశానని కోపమో, బతికించానని ప్రేమో, నేను అడగలేదు. ఇప్పటి ఆడపిల్లలు డాక్టరు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంటారు, మొగుణ్ణి కూడా మనసులో ఏముందో నిలదీసి అడిగేస్తారు. మా కాలంలో అడగకపోవడమే మర్యాద అనుకున్నాం. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.