చూడకుండా వెయ్యనన్న నర్సమ్మ

మొన్న విజయనగరం నుంచి నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది. మా నర్సమ్మ పోయారట. ఎవరికీ చెప్పకుండా వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆవిడ లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేనుండేదాన్ని కాదు.

ఆమదాలవలస దగ్గరి మా ఊరికి ఆవిడ అరవయ్యో దశకం చివర్లో, పిల్లలు పుట్టకుండా గర్భసంచిలో లూప్ పెట్టే శిబిరాల రోజుల్లో వచ్చారు. లేడీ డాక్టర్ దొరకని చోట, తర్ఫీదు పొందిన ఆవిడే లూప్ వేసేవారు. లోపల చూసే ఇనప పరికరాన్ని వేణ్నీళ్లలో ముంచి, ముందు తన మోచేతికి ఆనించుకునేవారు. "సల్లటి ఇనుము తగిల్తే సగం పేనం అక్కడే పోతాది" అనేవారు.

నేనప్పుడు ఊళ్లో టీచర్ని. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్లొచ్చాను. ఇంకొకటి వస్తే బతకనని నాకు తెలుసు. లూప్ గుండెల్లోకి పాకిపోతుందని మా అత్త నమ్మకం. ఆ మాటెత్తితే ఇల్లు పీకి పందిరేసేది. మా ఆయన తల్లి మాట దాటడు. అందుకే ఒకరోజు బడికని చెప్పి శిబిరానికి పోయాను.

నర్సమ్మ టార్చ్ వేసి చూశారు. ఎంతకీ లేవరు.

"కాపరం చేసాక నెత్తురు కనిపిస్తందా?"

అవునన్నాను. ఆవిడ తెర దాటి బయటికెళ్లారు. శిబిరం ఆఫీసరు గొంతు వినబడింది. "సాయంత్రానికి లూపుల లెక్క పూర్తవాలి. వేసి పంపెయ్యండి."

"గర్బసంచి మూతి మీద పుండున్నాది బాబూ. సూడకుండా ఎయ్యను, సూసాక అసలెయ్యను. కావలిస్తే నన్ను తీసెయ్యండి."

ఆవిడ తిరిగి లోపలికి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది. "మళ్లీ ఇలా తప్పించుకుని రావడం నాకు కుదరదు. నన్ను చంపడానికే ఉన్నారా?" అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"కోపం తరవాత పడుదువు గానీ. విశాఖ పెద్దాసుపత్రిలో సూపించాలి. ఇంట్లో నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా? రెండ్రోజులు సూస్తాను."

చెబితే అత్త ఊరుకోదు. చెప్పకపోతే పుండు ఊరుకోదు. ఆ రెండు రోజులూ చెప్పకుండానే బడికి పోయి వచ్చాను. మూడో ఉదయం నర్సమ్మ అన్నట్టుగానే మా వాకిట్లో నిలబడ్డారు. అత్త బియ్యం చెరుగుతోంది.

"నా కోడలికి లూపేసేసినావేటి?"

"నేదమ్మా. ఎయ్యనేదనే నీ కోడలు నా మీద కారాలు నూరతంది."

నర్సమ్మ దాచకుండా పుండు సంగతి చెప్పారు. ఇప్పుడే చూపిస్తే మానుతుందన్నారు. అది మానాక లూప్ వెయ్యకపోతే ఇంకో కాన్పుకి మనిషి దక్కదన్నారు. అత్త కేకలకి నేను సిద్ధంగా ఉన్నాను. అత్త చేట కిందపెట్టి, లేచి వీధి తలుపు మూసి వచ్చింది.

"నర్సమ్మా, నాకు ముట్లుడిగి ఆరేళ్లయినాది. ఈ ఏడు మళ్లీ నెత్తురు కనిపిస్తన్నాది. ఎవులికి సెప్పుకోను?"

ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నాం. ఒకరి నెత్తురు సంగతి ఒకరికి తెలియదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

విశాఖలో నా పుండు కాల్చి మందిచ్చారు. మానింది. అప్పుడు మా అత్తే దగ్గరుండి నాకు లూప్ వేయించింది. వీధిలో వాళ్లని అరుగు మీంచే నిలదీసేది: "నర్సమ్మకి సూపించుకున్నావేటే?" అత్తది మాత్రం క్యాన్సరు, అప్పటికే ముదిరిపోయింది. ఏడాది తిరగకుండానే పోయింది.

నర్సమ్మ మా వాకిట్లోకి వచ్చిన ఆ ఉదయం అవేవీ మాకు తెలియవు. లోపలి గదిలో అత్తని పడుకోబెట్టి నర్సమ్మ చాలాసేపు చూశారు. "ఏటి నర్సమ్మా?" అంది అత్త. నర్సమ్మ ఆమె చీర కాళ్లదాకా లాగి, కుచ్చెళ్లు ఒక్కొక్కటే సర్ది, అత్త పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయారు.